పై ఆర్ స్క్వేర్ ఎక్కడి నుంచి వచ్చింది?

వృత్త వైశాల్యం ‘రెండు పై ఆర్’ అనా, ‘పై ఆర్ స్క్వేర్’ అనా? పరీక్ష హాల్లో చాలామందికి ఇదే తికమక. బట్టీ పట్టింది మరిచిపోవచ్చు. ఎందుకో తెలిస్తే మాత్రం గుర్తుండిపోతుంది. ఒక చపాతీతో తేల్చేద్దాం.

7 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గుండ్రటి చపాతీ తీసుకోండి. మధ్య నుంచి అంచు దాకా కోస్తూ 16 సమాన ముక్కలు చేయండి. ఒకదాని మొన పైకి, పక్కదాని మొన కిందికి ఉండేలా వరసగా పేర్చండి. దాదాపు దీర్ఘచతురస్రం వచ్చింది కదా! అంచులు కాస్త అలల్లా ఉంటాయి. ముక్కలు 32, 64 చేస్తూ పోతే అవీ తిన్నగా అవుతాయి.

దీని వెడల్పు ఎంత? వ్యాసార్ధమంత (అదే ‘ఆర్’), అంటే 7. పొడవు? చపాతీ అంచులో సగం పైకి, సగం కిందికి వెళ్లింది. పై విలువ 22/7 అనుకుంటే మొత్తం చుట్టుకొలత, అంటే ‘రెండు పై ఆర్’, 44. అందులో సగం 22. కాబట్టి వైశాల్యం 22 × 7 = 154 చదరపు సెంటీమీటర్లు. సూత్రంగా చూస్తే, సగం చుట్టుకొలత ‘పై ఆర్’. దాన్ని ఆర్‌తో గుణిస్తే ‘పై ఆర్ స్క్వేర్’!

చుట్టుకొలతలో సగాన్ని వ్యాసంలో సగంతో గుణించాలని క్రీ.శ. 499 నాటి ‘ఆర్యభటీయం’లోనే ఆర్యభటుడు చెప్పాడు.

చివరగా ఒక కిటుకు. వైశాల్యానికి చదరపు ప్రమాణాలు కావాలి, అందుకే ఆర్ రెండుసార్లు రావాలి. ఒక్కసారే వస్తే అది చుట్టుకొలత.