పడవకు రంధ్రము చేయకుండ ఎకో సౌండరు అమర్చుట

చెరువులో లోతు చూచుటకు గడకర్ర చాలును. సముద్రములో మన జాలరులు తాడునకు గుండు కట్టి జారవిడిచి, బారలలో లోతు కొలుచుట చిరకాలపు వాడుక. నేడు లోతు తెలిసికొనవలసిన అవసరము మరింత హెచ్చినది. హైదరాబాదులో కొత్తగూడకు ఉత్తరమున, ప్రగతినగరులో గల ఇన్‌కాయిస్ అను కేంద్ర ప్రభుత్వ సంస్థ 1999 లో స్థాపింపబడినది. చేపలు దొరకు అవకాశమున్న తావులను ఇది ఉపగ్రహముల సాయమున గుర్తించి, ఏ రేవునుండి ఏ దిక్కున, ఎంత దూరమున, ఎంత లోతున కలవో తెలుగులో కూడ తెలుపుచున్నది. ఆ లోతును పడవలోనే సరిచూచుకొనుటకును, మొగవద్ద ఇసుక మేటలు తగులకుండ తప్పుకొనుటకును ఎకో సౌండరు తోడ్పడును.

ఈ యంత్రమునకు ట్రాన్స్‌డ్యూసరు అను బిళ్ళ ముఖ్యము. ఇది ధ్వనిని క్రిందికి పంపి, నేలను తాకి మరలివచ్చు ప్రతిధ్వనిని అందుకొనును. ధ్వని నీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోవును. 15 మీటర్ల లోతైనచో, అనగా దాదాపు 8 బారలైనచో, ప్రతిధ్వని సెకనులో 50 వ వంతు కాలములో తిరిగి వచ్చును.

ఈ బిళ్ళకొరకు పడవ అడుగున రంధ్రము చేసినచో నీరు ఊరు భయము కలదు. ఫైబరు పడవలకు ఆ అవసరము లేదు. గట్టి ఫైబరు గుండ ధ్వని కొంత బలము తగ్గినను దాటిపోవును. గాలిని మాత్రము దాటజాలదు. కనుక లోపల ఫోముగాని చెక్కగాని పొరగా నున్న అడుగునకును, కొయ్య, లోహపు పడవలకును ఈ పద్ధతి పనికిరాదు. పడవ కట్టినవారిని అడిగి అడుగు ఎట్టిదో ముందుగా తెలిసికొనుడు. కొనునపుడే, లోపల అతికించుటకు తగిన రకమని రూఢి చేసికొనుడు.

తూర్పు తీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు వేట నిషేధము. పడవ ఒడ్డున ఉండు ఆ రోజులే ఈ పనికి అనుకూలము. కాని పరీక్ష మాత్రము అంతకు ముందే, పడవ నీటిలో ఉండగా చేయవలెను. అమరము వైపు, ఇంజనుకు ఎడముగా, ఎల్లప్పుడు నీటిలో మునిగియుండు చదునైన చోటు ఎన్నుకొనుడు. పలుచని ప్లాస్టిక్ సంచిలో నీరు పోసి, బిళ్ళను అందు ముంచి, సంచిని తడిపిన అడుగునకు ఆనించుడు. యంత్రము చూపు లోతును గుండుతాటి లోతుతో పోల్చుడు. పడవ నడచుచున్నప్పుడును చూడుడు. రెండును సరిపోయినచో ఆ చోటు గుర్తు పెట్టుడు. ఒకసారి అతికించిన బిళ్ళ మరల ఊడివచ్చుట కష్టము.

అతికించు విధము:

1. ఆ చోట రంగు, నూనె మరక లేకుండ సాండుపేపరుతో రుద్ది, తుడిచి, బాగుగా ఆరనిండు.

2. నెమ్మదిగా గట్టిపడు ఎపాక్సీ జిగురు వాడుడు. రెండు పాళ్ళను తయారీదారు చెప్పిన కొలతనే కలుపుడు. నురుగు రాకుండ మెల్లగా కలుపవలెను. ఎండలో జిగురు త్వరగా బిగియును గనుక ఉదయము పూట కొద్దికొద్దిగా కలుపుట మేలు. చేతులకు తొడుగులుండవలెను. సిలికాను జిగురు మెత్తనిది, ధ్వనిని అడ్డగించును, వాడరాదు.

3. జిగురు పోసి, బిళ్ళను నొక్కుచు కొంచెము అటునిటు త్రిప్పుడు. గాలిబుడగలు వెలుపలికి పోవును. బుడగ మిగిలినచో లోతు తప్పుగా కనబడవచ్చును, అసలు కనబడకపోవచ్చును.

4. పైన బరువు ఉంచి, పూర్తిగా గట్టిపడువరకు కదల్పకుడు.

యంత్రము బిళ్ళ ఉన్న చోటినుండియే లోతు లెక్కించును. పడవలో అంతకన్న క్రిందికి దిగిన భాగమున్నచో ఆ తేడాను తీసివేసి చూచుకొనవలెను. లేనిచో లోతు చాలునని తలచి మేటపై ఎక్కు ప్రమాదము కలదు. గుండుతాటిని పారవేయక పడవలోనే ఉంచుడు. అప్పుడప్పుడు యంత్రమును దానితో సరిచూచుడు. తీర గ్రామాధికారులు వేట నిషేధమునకు ముందే ఈ విషయమును జాలరులకు తెలియజేసినచో పరీక్షకు వ్యవధి దొరకును.