మనసుకు తగిలిన దెబ్బకు ఇంటి ఆసరా

గత నెలలో ఒక సోదరి వ్రాసిన ఉత్తరం నా బల్లమీద ఉన్నది. ఆమె చెల్లెలి భర్త ఆరు నెలల క్రితం రోడ్డు ప్రమాదంలో కన్నుమూశాడు. అదే మోటారు సైకిలు మీద వెనుక కూర్చున్న చెల్లెలు చిన్న గాయాలతో బయటపడింది. నాటి నుండి ఆమెకు సరిగా నిద్ర లేదు. వీధిలో లారీ హారన్ మ్రోగితే ఒళ్ళంతా వణుకుతుంది. కంచం ముందు కూర్చుని రెండు ముద్దలకే లేచిపోతుంది. "ఎంతగా చెప్పినా మరచిపోలేకున్నది. మరపు రావడానికి ఏ లేహ్యం వాడాలో దయచేసి తెలుపగలరు" అని ఉత్తరం ముగించారు.

మరపు తెప్పించే లేహ్యం ఆయుర్వేదంలో లేదు. జ్ఞాపకాన్ని బలపరచే మేధ్య రసాయనాలు ఉన్నాయి గాని, చెరిపివేసేవి లేవు. మనోదోషాలకు చరకుడు చెప్పిన మందులు జ్ఞానం, విజ్ఞానం, ధైర్యం, స్మృతి, సమాధి. వీటిలో స్మృతి కూడా ఒకటి అని గమనించాలి. జరిగినదాన్ని తలచుకొని కూడా నిలబడగలగడమే కోలుకోవడం. అందుకు తోడ్పడేది ఎక్కువగా ఇంటివారే. ఈ సంగతి నేను గ్రంథంలో కంటె ముందు ఒక గంజి కాగు దగ్గర నేర్చుకున్నాను.

1977 నవంబరు 19, శనివారం. కార్తీక మాసం. కృష్ణా జిల్లా దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేల మంది దాకా మరణించారు. సొర్లగొంది వంటి పల్లెలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అప్పటికి నాకు పదిహేడేళ్ళు. గురువుగారి ఇంట ఉండి శ్లోకాలు వల్లెవేస్తున్న రోజులు. వారం గడిచాక గురువుగారు మందుల పెట్టె సర్దించి, నన్నూ మరి ఇద్దరు సహాధ్యాయులనూ వెంటబెట్టుకొని నాగాయలంక వైపు బయలుదేరారు. దారి పొడుగునా మేము చూసినవి ఇక్కడ వ్రాయను. ఆ తరం వారికి వ్రాయనవసరం లేదు.

గాయాలకు తైలాలు, విరేచనాలకు చూర్ణాలు సిద్ధం చేసుకొని వెళ్ళాము. కలుషిత జలం వల్ల వచ్చిన విరేచనాలను ప్రభుత్వ వైద్య బృందాలు చూస్తున్నాయి. వాటికి లొంగనివి కొన్ని మా దగ్గరకు వచ్చాయి. ఆ రాత్రి గురువుగారు మమ్మల్ని "అతిసారాలు ఎన్ని?" అని అడిగారు. ఆరు అని అప్పజెప్పాము. చివరి రెండూ ఏమిటన్నారు. భయం వల్ల కలిగేది, శోకం వల్ల కలిగేది. వాటికి చికిత్స? వాతాన్ని శమింపజేయడం, హర్షణం, ఆశ్వాసనం. "సంతోషపెట్టడం, ఊరడించడం అని అర్థం చెబుతారు. రేపు చేసి చూపించండి" అన్నారు. మాకు నోట మాట రాలేదు. ఇల్లూ పిల్లలూ కొట్టుకుపోయిన మనిషిని ఎవరైనా ఎలా సంతోషపెట్టగలరు?

మరునాడు ఆయన మాకు చూపించారు. శిబిరం దగ్గర ఒక స్త్రీ విరిగిన తాడిచెట్టు మొదట్లో కూర్చుని ఉండేది. ఇద్దరు పిల్లలను పోగొట్టుకున్నది. మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదని చెప్పారు. చుట్టూ చేరినవారు "ఏడువమ్మా, ఏడిస్తే బరువు దిగుతుంది" అని కొందరు, "జరిగింది చెప్పు తల్లీ" అని కొందరు, "దేవుడు రాసిన రాత, మరచిపో" అని మరికొందరు. అందరూ మంచి మనసుతోనే అంటున్నారు. గురువుగారు వీటిలో ఏదీ అనలేదు. గంజి కాగు దగ్గర నుండి చిప్పలో కొంచెం పట్టుకొని వెళ్ళి, ఆమెకు కొంత ఎడంగా నేలమీద కూర్చున్నారు. చాలాసేపటికి "అమ్మా, ఇందులో ఉప్పు సరిపోయిందా, చూసి చెబుతావా?" అన్నారు. ఆమె నాలుకకు అద్దుకొని "చాలదు" అన్నది.

అంతే. ఆ రోజుకు మరేమీ జరగలేదు. మరునాడు ఆమె కాగు దగ్గరకు తనంతట తానే వచ్చి గరిటె అందుకున్నది. నాలుగవ రోజున ఏడ్చింది. అప్పుడు గురువుగారు ఎవరినీ ఆపనివ్వలేదు.

తరువాత కొన్నేళ్ళపాటు గురువుగారితో ఆ ఊరు వెళ్ళి వచ్చాను. ఆమె తన చెల్లెలి బిడ్డను పెంచింది. ఊరిలో తుఫాను రక్షణ భవనం కట్టిన తరువాత, కార్తీకంలో ఈదురుగాలి లేస్తే చాలు, అందరికంటె ముందు ఆమె ఇరుగుపొరుగు పిల్లలను వెంటబెట్టుకొని అందులోకి వెళ్ళి కూర్చునేదట. ఊరివారు నవ్వేవారు. ఈ భయానికి మందు ఏదని నేను అడిగాను. గురువుగారికి నామీద కోపం వచ్చింది. "సముద్రం పక్కన ఉన్నవాళ్ళకు ఆ భయం ఉండాలి. గాలి ఆగాక ఇంటికి వస్తున్నదా, లేదా? వచ్చి వంట చేసుకుంటున్నదా? అది చూడు" అన్నారు. రోగానికీ జాగ్రత్తకూ తేడా చూడడానికి నేటికీ నాకు అదే కొలత.

చరకుడు మనుష్యుల సత్త్వాన్ని, అంటే మనోబలాన్ని, ప్రవరం, మధ్యమం, అవరం అని మూడుగా విభజించాడు. ప్రవర సత్త్వం కలవారు చిన్న శరీరం కలవారైనా పెద్ద బాధలో చలించనట్లు కనబడతారు. మధ్యమ సత్త్వం కలవారు ఇతరులను చూసి తమను తాము నిలబెట్టుకుంటారు, లేదా ఇతరులు నిలబెట్టగా నిలుస్తారు. అవర సత్త్వం కలవారు తమంతట తామూ నిలువలేరు, ఇతరులు పట్టుకున్నా నిలువలేరు అన్నాడు. పెద్దవారి మాటను కాదనే అర్హత నాకు లేదు గాని, నాలుగు దశాబ్దాల వైద్యంలో ఏ మనిషినీ ఆ మూడవ తరగతిలో చేర్చే ధైర్యం నాకు కలుగలేదు. పట్టుకునేవారు ఎంతకాలం పట్టుకున్నారో తెలియకుండా, నిలువలేదని ఎలా చెప్పగలం? మనలో అత్యధికులం మధ్యములం. కనుక "గుండె దిటవు చేసుకో" అని చెప్పి ఊరుకుంటే చాలదు, పక్కన ఒకరు ఉండాలి.

ఇక నా తప్పు ఒకటి చెప్పాలి. 1996 నవంబరు 6న, దీపావళికి నాలుగు రోజుల ముందు, కోనసీమను తుఫాను ముంచెత్తింది. వేయిమందికి పైగా మరణించారు. కాకినాడ తీరం నుండి వేటకు వెళ్ళిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. అలా తండ్రిని పోగొట్టుకున్న పదహారేళ్ళ కుర్రవాడిని తల్లి నా దగ్గరకు తీసుకొచ్చింది. రాత్రులు ఉలికిపడి లేస్తున్నాడని చెప్పింది. ఆమె చెబుతుండగా కుర్రవాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను వాడి భుజం తట్టి, "మగవాడివి, నువ్వే ఏడిస్తే అమ్మను ఎవరు చూస్తారు నాయనా?" అన్నాను. వాడు కళ్ళు తుడుచుకొని "అలాగేనండీ" అన్నాడు. ఎంత చక్కగా ధైర్యం చెప్పానో అని ఆనాడు అనుకున్నాను కూడా.

నాలుగు నెలల తరువాత వాడే వచ్చాడు. గుండెల్లో పట్టేసినట్లు ఉంటున్నదన్నాడు. అన్నం సయించడం లేదు. నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. జలుబు వదలడం లేదు. హృదయ పరీక్ష చేయిస్తే దోషమేమీ కనబడలేదు. అయినా అర్జున కషాయం ఇచ్చాను. మూడు వారాలకూ గుణం లేదు. ఒక రాత్రి ఏదో వెదుకుతూ చరక సంహితలో, ఆపగూడని వేగాలను గురించిన అధ్యాయం తెరిచాను. మలమూత్రాలు, తుమ్ము, ఆకలి, దప్పికలతోపాటు కన్నీటిని కూడా ఆపరాదని అక్కడ ఉన్నది. ఆపితే వచ్చేవి ప్రతిశ్యాయం, నేత్రరోగం, హృద్రోగం, అరుచి, భ్రమ. బాల్యంలో కంఠస్థం చేసిన శ్లోకమే. ఆ కుర్రవాడు చెప్పినవి ఇంచుమించు ఇవే. కన్నీటిని ఆపించినవాడిని నేనే.

ఆ అధ్యాయంలోనే శోక వేగాన్ని, భయ వేగాన్ని నిగ్రహించాలని కూడా ఉన్నది. రెండూ పరస్పరం విరుద్ధం కాదా అని విద్యార్థులు అడుగుతారు. కన్నీరు శరీరానిది, దానిని పోనివ్వాలి. దుఃఖం మనసును ఎటో ఈడ్చుకుపోతున్నప్పుడు పట్టి నిలపాలి. ఒంటరిగా అది సాధ్యం కాకపోతే మరొకరి చేతి ఆసరాతో నిలపాలి. నేను గ్రహించినది ఇది. కన్నీటిని ఆపినందువల్ల వచ్చిన బాధలకు అక్కడ చెప్పిన చికిత్సలో నిద్ర ఉన్నది, ప్రియమైన కథలు ఉన్నాయి. మద్యం కూడా చెప్పారు గాని, దాన్ని ఈ కాలపు ఇళ్ళకు నేను సూచించను. దుఃఖానికని మొదలుపెట్టిన సీసా దుఃఖం తీరాక కూడా ఇల్లు విడిచిపోదు.

కుర్రవాడిని పిలిపించి, ఆనాడు నేను అన్నమాట తప్పని చెప్పాను. వాడు నమ్మలేదు. "మీరే కదండీ ఏడవొద్దన్నారు" అన్నాడు. వాడి నోటి నుండి తండ్రి కబురు రావడానికి మరి రెండు నెలలు పట్టింది. రాత్రి భయాలు మాత్రం తగ్గలేదు. అప్పుడు ఒక మానసిక వైద్యుని దగ్గరకు పంపాను. ఆ వైద్యుడు చేసిన చికిత్సా, వాడి మేనమామ వలలు అల్లే పనిలో రోజూ పక్కన కూర్చోబెట్టుకోవడమూ కలిసి వాడిని నిలబెట్టాయి. నా కషాయం పాలు అందులో స్వల్పం.

ఆపదలో చిక్కి బయటపడినవారిని జరిగింది చెప్పమని ఒత్తిడి చేయరాదని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి వెలువరించిన కరదీపిక కూడా చెబుతున్నది. వారు చెబితే వినాలి, చెప్పకపోతే పక్కన ఉండాలి. పరామర్శకు వచ్చే ప్రతివారికీ ప్రమాదం ఎలా జరిగిందో మొదటి నుండి వినిపించే పని ఆ మనిషికే అప్పగించడం మన ఇళ్ళలో పెద్ద దోషం. ఆ బాధ్యత ఇంటిలో మరొకరు తీసుకోవాలి. శిక్షణ పొందిన వైద్యుని ఎదుట, నెమ్మదిగా, కొంచెం కొంచెంగా చెప్పించడం వేరు. అది చికిత్స.

ఉన్మాద చికిత్సలో కోరలు తీసిన పాములతో, మచ్చికైన ఏనుగులతో భయపెట్టడం వంటివి కూడా గ్రంథంలో ఉన్నాయి. వాటిని చూపి, బెదిరిన మనిషిని మరింత బెదిరించేవారు, చన్నీళ్ళు కుమ్మరించేవారు నేటికీ కనబడుతున్నారు. ఆ భాగాన్ని నేను ఏనాడూ ఆచరించలేదు. అదే అధ్యాయంలో, ఇష్టమైనది కోల్పోయి మనసు దెబ్బతిన్నవారిని సాంత్వన వచనాలతో, ఊరడింపుతో శాంతింపజేయాలని స్పష్టంగా ఉన్నది.

ఇక ఇంటిలో చేయదగినవి. భయశోకాలు వాతాన్ని పెంచుతాయి. అది స్నిగ్ధమైన, వెచ్చని, వేళ తప్పని వాటితో శమిస్తుంది. రోజూ ఒకే వేళకు అన్నం పెట్టండి. పూర్తి భోజనం వద్దంటే పలుచని బియ్యపు జావలో కొంచెం నెయ్యి, జీలకర్ర పొడి వేసి ఇవ్వండి. ఒంటరిగా తినమని వదలివేయవద్దు. రాత్రి పడుకునే ముందు గోరువెచ్చని నువ్వుల నూనెతో అరికాళ్ళు పది నిమిషాలు మర్దించండి. ఇది నిద్రకు మేలు చేస్తుంది. అంతకంటె ముఖ్యంగా, ఆ పది నిమిషాలూ మాట అవసరం లేకుండా ఒక మనిషి స్పర్శ లభిస్తుంది. అయితే తాకితే బెదిరేవారు ఉంటారు. వారిని అడిగి మాత్రమే చేయండి. పెద్దవారికి గోరువెచ్చని పాలలో పెసరగింజంత జాజికాయ గంధం కలిపి ఇవ్వవచ్చు. మోతాదు మించితే జాజికాయ మతి చెదరగొడుతుంది. గర్భిణులకు, పిల్లలకు, నిద్రమాత్రలు వాడుతున్నవారికి వద్దు. అశ్వగంధ అందరికీ మంచిదని ప్రచారం జరుగుతున్నది. గర్భిణులు, థైరాయిడ్, కాలేయ వ్యాధులు ఉన్నవారు, మానసిక వైద్యుని మందులు వాడేవారు వైద్యుని అడగకుండా తీసుకోరాదు.

నెల దాటినా పీడకలలు తగ్గక, ఆ సంఘటన కళ్ళ ముందు మళ్ళీ మళ్ళీ జరుగుతున్నట్లు తోచి, ఇంటి పనులు సాగకుంటే మానసిక వైద్యుని చూడాలి. చనిపోవాలన్న మాట ఒక్కసారి నోట వచ్చినా ఒక్క రోజు కూడా ఆగవద్దు, ఆ మనిషిని ఒంటరిగా వదలవద్దు. 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు. పిచ్చి ముద్ర పడుతుందని వెనుదీసే కుటుంబాలను నేను చాలా చూశాను. కాలు విరిగితే కట్టు కట్టించుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు.

ఉత్తరం వ్రాసిన సోదరి చెల్లెలికి ఆరు నెలలు గడిచాయి. కనుక ముందు ఆమెను మానసిక వైద్యునికి చూపించండి. మరచిపొమ్మని ఇకపై ఎవరూ అనవద్దు. లారీల రద్దీ లేని వేళ, ఆమె సరేనన్న రోజున, వీధి చివర దాకా మీరు తోడు నడవండి. వెనక్కి వద్దామంటే వచ్చేయండి. ఆమె వయస్సు, ఇతర రోగాలు, వాడుతున్న మందులు మీ ఉత్తరంలో లేవు. అవి తెలిస్తే ఆయుర్వేద ఔషధం సంగతి ఆలోచిస్తాను. మరొకటి కూడా వ్రాయండి. ప్రమాదానికి ముందు ఆమెకు ఇష్టమైన పని ఏమిటి? కుట్టా, ముగ్గా, పచ్చళ్ళు పెట్టడమా?