కష్టకాలంలో చిరుదానం

1907 అక్టోబరు 22న న్యూయార్కులోని నికర్‌బాకర్ ట్రస్టు కంపెనీ ముందు డిపాజిటుదారులు బారులు తీరారు. మధ్యాహ్నానికల్లా అది చెల్లింపులు ఆపి తలుపులు మూసింది. తరువాతి వారాలలో దేశంలోని అనేక బ్యాంకులు నగదు ఇవ్వడం మీద పరిమితులు పెట్టాయి. కర్మాగారాలు పని తగ్గించాయి, కార్మికులకు జీతాలు పోయాయి. సరిగ్గా ఆ ఋతువులోనే డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్ దగ్గర, బ్రాండీవైన్ నది ఒడ్డున, చెక్కలతో కట్టిన ఒక చిన్న క్షయ చికిత్సాలయం మూతపడే స్థితికి వచ్చింది. దానిని నిలబెట్టడానికి 300 డాలర్లు కావాలి. అక్కడి వైద్యులలో ఒకరైన డాక్టర్ జోసెఫ్ వేల్స్ తన బంధువు ఎమిలీ బిస్సెల్‌ను సాయం అడిగాడు.

దాతల జేబులు ఖాళీగా ఉన్న కాలం అది. బిస్సెల్‌కు అంతకు కొద్ది నెలల ముందు పత్రికలో చదివిన ఒక వ్యాసం గుర్తుకు వచ్చింది. రాసినది జేకబ్ రీస్. న్యూయార్కు మురికివాడల జీవితాన్ని లోకానికి చూపించిన ఈ పాత్రికేయుడు డెన్మార్క్‌లో పుట్టినవాడు, తన సోదరులను క్షయవ్యాధికి పోగొట్టుకున్నవాడు. 1904లో ఐనార్ హోల్బోల్ అనే డేనిష్ తపాలా ఉద్యోగి క్రిస్మస్ ఉత్తరాల మీద అదనంగా అతికించే ఒక చిన్న బిళ్లను తయారు చేయించి అమ్మించాడనీ, ఆ సొమ్ము క్షయరోగుల కోసం వినియోగించారనీ రీస్ ఆ వ్యాసంలో వివరించాడు. డెన్మార్క్‌లో మొదటి ఏడే నలభై లక్షలకు పైగా బిళ్లలు అమ్ముడయ్యాయి.

బిస్సెల్ తానే బొమ్మ గీసి, స్నేహితుల దగ్గర కొద్దిపాటి అప్పు తెచ్చి, బిళ్లలు అచ్చు వేయించింది. 1907 డిసెంబరు 7న విల్మింగ్టన్ తపాలా కార్యాలయంలో అమ్మకం మొదలైంది. వెల ఒక్క పెన్నీ. ఫిలడెల్ఫియాలోని నార్త్ అమెరికన్ దినపత్రిక ఈ ఉద్యమాన్ని తలకెత్తుకోవడంతో ఊపు వచ్చింది. కావలసినది 300 డాలర్లు, వచ్చినది దానికి పది రెట్లు. ఇంతటి ప్రజాకార్యానికి పూనుకున్న ఈమె స్త్రీలకు ఓటుహక్కు వద్దని వాదించినవారిలో ప్రముఖురాలు కావడం చరిత్రలోని వింతలలో ఒకటి.

ఈ కథను నేను వైద్యుడిగా చదువుతాను. కోఖ్ క్షయ సూక్ష్మజీవిని 1882లో కనుగొన్నాడు. దానిమీద పనిచేసే తొలి మందు స్ట్రెప్టోమైసిన్‌ను వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ వేరుచేసినది 1943లో. నడుమ అరవయ్యేళ్ళ పాటు జబ్బుకు కారణం తెలుసు, మందు లేదు. గాలి, వెలుతురు, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, ఇవే చికిత్స. 1900లో అమెరికాలో లక్ష జనాభాకు సుమారు 194 మంది ఏటా క్షయతో మరణించేవారు. ఎక్కువమంది సంపాదించే వయసువారు. కనుక ఆ పెన్నీ కొన్నది ఒక మంచం, పాలు, గుడ్లు, నదీతీరంలో కొన్ని నెలల విశ్రాంతి.

అయితే అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. విల్మింగ్టన్‌లో ఏ ధనికుడో 300 డాలర్లకు ఒక చెక్కు రాసి ఉంటే ఆ పాక ఆ శీతకాలం గట్టెక్కేది, కథ అంతటితో ముగిసేది. మూడు వేల డాలర్లంటే కనీసం మూడు లక్షల బిళ్లలు. ఇంటిలో ఉన్నదని చెప్పుకోవడానికి సిగ్గుపడే ఒక జబ్బు కోసం అమ్మిన బిళ్ల వేలాది ఉత్తరాల కవర్ల మీద, అందరి కళ్ళ ముందు ఊళ్ళు తిరిగింది. మరుసటి ఏడు అమెరికన్ రెడ్‌క్రాస్ దేశమంతటా అమ్మకం చేపట్టింది. తరువాత అది జాతీయ క్షయ నివారణ సంఘం చేతికి వచ్చింది. నేటి అమెరికన్ లంగ్ అసోసియేషన్ ఆ సంఘమే.

నా తరంలో తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఈ బిళ్ల కొత్తది కాదు. 1939లో ఏర్పడిన భారత క్షయ నివారణ సంఘం 1950 నుండి టీబీ సీళ్ళను అమ్మిస్తున్నది. గాంధీ జయంతినాడు మొదలయ్యే ఆ అమ్మకంలో భాగంగా బడిలో మాస్టారు పంచిన బిళ్లను ఇంట్లో పావలా అడిగి కొని నోటుపుస్తకం అట్ట మీద అతికించుకున్నవారు పాఠకులలో కొందరైనా ఉంటారు. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో 1915లో ప్రారంభమైన క్షయ చికిత్సాలయానికి తొలి అధిపతి డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ కూడా హోల్బోల్ దేశస్థుడే.

అటువంటిదే 1938 నాటి మరొక ఉదంతం. మహామాంద్యం నుండి కోలుకుంటున్న అమెరికా 1937లో మళ్ళీ జారిపడింది. నిరుద్యోగం తిరిగి పెరిగింది. ఆ జనవరిలో హాస్యనటుడు ఎడ్డీ కాంటర్ పోలియో నివారణ కోసం ఒక్కొక్క డైము, అంటే పది సెంట్లు, నేరుగా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు పంపమని రేడియోలో కోరాడు. 26 లక్షల 80 వేల డైములు శ్వేతసౌధానికి చేరాయి. అక్కడి తపాలా సిబ్బంది ఉత్తరాల కింద కూరుకుపోయారు. ఆ సంస్థ సేకరించిన డబ్బుతోనే 1954లో సుమారు 18 లక్షల మంది పిల్లలు పాల్గొన్న సాక్ టీకా పరీక్ష జరిగింది. పిల్లవాడి చేతికి సూది వేయించిన తల్లి అంతకుముందెప్పుడో ఒక డైము పంపి ఉండవచ్చు. టీకాలపై నేటి అపనమ్మకం చూసినప్పుడు ఆ సంబంధం ఎంత విలువైనదో అనిపిస్తుంది.

ఇక వర్తమానానికి వద్దాం. గివింగ్ యుఎస్ఎ నివేదిక ప్రకారం 2024లో అమెరికాలో దానాల మొత్తం 59,250 కోట్ల డాలర్లు. మొత్తం చూస్తే దిగులు పడవలసినది లేదు. ఇచ్చేవారి సంఖ్య చూస్తే ఉంది. ఇండియానా విశ్వవిద్యాలయంలోని లిల్లీ ఫ్యామిలీ స్కూల్ పరిశోధకుల లెక్క ప్రకారం 2000లో దేశంలో 66 శాతం కుటుంబాలు ఏదో ఒక సంస్థకు విరాళం ఇచ్చాయి. 2018 నాటికి అది 49.6 శాతం. 2008 వరకు పెద్దగా మారని ఈ నిష్పత్తి ఆ మాంద్యం తరువాత వరుసగా దిగుతూ వచ్చింది. ఉద్యోగాలు తిరిగి వచ్చాయి, ఇళ్ళ ధరలు, షేర్ల ధరలు తిరిగి పెరిగాయి. మానుకున్న దాతలలో చాలామంది మాత్రం తిరిగి రాలేదు. దానం అలవాటు, అందులోనూ త్వరగా తప్పిపోయే అలవాటు, అని నేను దీనిని అర్థం చేసుకుంటాను. ఉత్తరాలు రావడం ఆగుతుంది, పిల్లలు చూడరు, మరుసటి డిసెంబరులో గుర్తు రాదు.

పన్ను చట్టం కూడా ఇందుకు కొంత తోడ్పడింది. 2017 చట్టం ప్రామాణిక మినహాయింపును పెంచడంతో ఖర్చులను విడివిడిగా చూపి పన్ను తగ్గించుకునేవారు మూడో వంతు లోపు నుండి పదో వంతుకు పడిపోయారు. మిగిలినవారికి విరాళం వలన పన్ను లాభం లేకుండా పోయింది. మరోవైపు మనవంటి ఉద్యోగులు, వైద్యులు, కంపెనీ షేర్లు పెరిగినవారు, డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ అనే ఖాతాలో సొమ్ము వేసి ఆ ఏడే మినహాయింపు పొందుతున్నారు. ఆ సొమ్ము ఫలానా గడువులోగా అవసరమైనవారికి చేరాలని చట్టం నిర్బంధించదు. ఇటువంటి ఖాతాలలో 2023 నాటికి 25,000 కోట్ల డాలర్లకు పైగా నిల్వ ఉంది. ఖాతా తెరవడం తప్పని అనను. అందులో వేసిన నాడే దానం పూర్తయిందనుకోవడం మాత్రం ఆత్మవంచన.

ఆ సొమ్ము చేరవలసిన చోట ఏమి జరుగుతున్నదో నా వృత్తిలో కొంత కనిపిస్తుంది. 2014లో హెల్త్ ఎఫైర్స్ పత్రికలో హిలరీ సెలిగ్మన్ బృందం కాలిఫోర్నియా ఆసుపత్రుల చేరికలను విశ్లేషించింది. రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయి ఆసుపత్రిలో చేరడం, పేదల విషయంలో, నెల మొదటి వారం కంటె చివరి వారంలో 27 శాతం ఎక్కువ. సంపన్నులలో ఈ తేడా లేదు. పోల్చడానికి అపెండిసైటిస్ లెక్క కూడా తీశారు. అది నెల ఏ వారమైనా ఒకటే, ఎందుకంటే అపెండిసైటిస్ తిండి మీద ఆధారపడదు. విషయం స్పష్టం. జీతం, ఆహార సహాయపు కార్డు నెల మొదట్లో వస్తాయి, మూడు వారాలు గడిచేసరికి అయిపోతాయి. ఇన్సులిన్ గానీ గ్లిపిజైడ్ వంటి మాత్ర గానీ మోతాదు మారకుండా లోపలికి వెళుతుంది, కంచంలో మాత్రం అన్నం ఉండదు. ఈ రోగులు ఆకలి గురించి తామై చెప్పరు. "మందు సరిగ్గా వేసుకుంటున్నాను డాక్టరు గారూ" అంటారు, అది నిజమే కూడా. మనం అడగవలసినది భోజనం సంగతి.

క్రిస్మస్ వచ్చేది నెల చివరి వారంలో. అదే వారంలో బడులకు సెలవులు, అంటే బడిలో పెట్టే మధ్యాహ్న భోజనమూ ఉండదు. 2023లో అమెరికాలో 4 కోట్ల 74 లక్షల మంది తిండికి భరోసా లేని ఇళ్ళలో ఉన్నారని వ్యవసాయశాఖ లెక్క.

ఈ ఏడు మనలో చాలామంది ఇళ్ళలోనూ భయం ఉంది. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మరొకటి చూసుకోవడానికి ఉండే గడువు 60 రోజులు. అటువంటి కుటుంబం తన ఆరు నెలల ఖర్చులు దాచుకోవడం స్వార్థం కాదు, వివేకం. అయినా మొత్తాన్ని తగ్గించడం వేరు, మానుకోవడం వేరు. ఐదు వందలు ఇచ్చేవారు యాభై ఇవ్వవచ్చు. పైన చెప్పిన లెక్కలలో నాకు భయం కలిగించేది యాభైకి తగ్గినవారు కాదు, సున్నాకు దిగి అక్కడే ఉండిపోయినవారు. ఇదే ధనుర్మాసంలో మన ఊళ్ళలో హరిదాసు తలమీది పాత్రలో ప్రతి ఇంటివారూ బియ్యం పోసేవారు. పెద్ద రైతు ఇంటినుండి బస్తా తీసుకుని మిగతా వీధి వదిలివేసే హరిదాసును ఎవరూ చూడలేదు.

ఎలా ఇవ్వాలన్నది క్లుప్తంగా చెబుతాను. ఆహార బ్యాంకుకు డబ్బాల కంటె డబ్బు మేలు. వారు టోకున కొంటారు గనుక మన డాలరు వారి చేతిలో ఎక్కువ తిండి తెస్తుంది. ఫలానా పనికే వాడాలన్న షరతు పెట్టకపోవడం ఇంకా మేలు, ఎందుకంటే ఫ్రిజ్ కరెంటు బిల్లుకు, వ్యానులో పెట్రోలుకు ఎవరూ ప్రత్యేకంగా విరాళమివ్వరు. 2025 పన్ను చట్టం ప్రకారం 2026 నుండి ప్రామాణిక మినహాయింపు తీసుకునేవారు కూడా నగదు విరాళాలపై ఒంటరివారైతే 1,000, దంపతులైతే 2,000 డాలర్ల వరకు మినహాయింపు పొందవచ్చు. డోనర్ అడ్వైజ్డ్ ఫండులో వేసిన సొమ్ముకు ఇది వర్తించదు. సొంత ఊరి బడికో ఆసుపత్రికో పంపదలచిన అమెరికా పౌరులు, ఆ సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ అనుమతి ఉన్నదో లేదో ముందే కనుక్కోవాలి. లేకపోతే చిక్కులలో పడేది ఆ సంస్థే. ఐదు డాలర్ల చెక్కును తెరిచి, నమోదు చేసి, రసీదు పంపడానికి సంస్థకు ఖర్చవుతుందన్న వాదన నిజమే. నెలకు పాతిక డాలర్లు బ్యాంకు నుండి దానంతట అదే వెళ్ళే ఏర్పాటు చేసుకుంటే ఆ ఖర్చు చాలావరకు తగ్గుతుంది. పండుగ దానాలు ఆగిపోయే జనవరిలోనూ, బడి భోజనాలు లేని జూన్, జూలై నెలలలోనూ ఆ సొమ్ము వారికి అందుతుంది.