రోజంతా సాగే పనికి కరెంటు మిషనే మేలు.. కార్డ్‌లెస్ కొనే ముందు మిస్త్రీలు వేసుకోవాల్సిన లెక్క

సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా, ఊళ్లోని చిన్న హార్డ్‌వేర్ షాపులోనైనా ఇప్పుడు బ్యాటరీతో నడిచే మిషన్లు దొరుకుతున్నాయి. వైరు గొడవ లేదు, ప్లగ్గు వెతుక్కునే పని లేదు, చేతిలోకి తీసుకుని బటన్ నొక్కితే చాలు. ఇంట్లో ఎప్పుడో ఒకసారి గోడకు ఫొటో తగిలించేవారికి అంతకంటే ఏం కావాలి?

కానీ గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డర్, మార్బుల్ పరిచే మిస్త్రీ, పాత గోడ పగలగొట్టే కూలీ సంగతి వేరు. వాళ్లకు మిషన్ ఆగితే ఆ రోజు కూలీ ఆగినట్టే. అప్పు చేసి మరీ కార్డ్‌లెస్ కొనాలనుకునేవారు ముందు ఒక చిన్న లెక్క వేసుకోవడం మంచిది.

బ్యాటరీలో దమ్ము ఎంత?

కార్డ్‌లెస్ గ్రైండర్లలో ఎక్కువగా కనిపించేది 18 వోల్టుల బ్యాటరీ. దాని మీద 4 ఆంపియర్ అవర్ అని రాసి ఉంటే, రెండింటినీ గుణించాలి. 72 వాట్ అవర్లు వస్తుంది. అంటే 72 వాట్ల లోడును గంటసేపు నడిపేంత కరెంటే అందులో ఉందన్నమాట.

ఇప్పుడు 4 అంగుళాల కరెంటు గ్రైండర్ 850 వాట్లది అనుకుందాం. అదే జోరుతో పని చేయాలంటే ఆ బ్యాటరీ 5 నిమిషాల్లో ఖాళీ అవుతుంది. సగం లోడు మీద నడిపినా 10 నిమిషాలే. బ్రష్‌లెస్ మోటారు ఉన్న మిషన్లలో కరెంటు వృథా తక్కువ కాబట్టి ఇంకొంచెం సేపు వస్తుంది. అంతే తప్ప పూట గడవదు. రెండు బ్యాటరీలు పెట్టుకున్నా, సాధారణ చార్జర్ మీద ఒక్కోటి నిండడానికి గంట, అంతకు పైనే పడుతుంది. పని ముందు, చార్జింగ్ వెనక.

స్క్రూలు బిగించేటప్పుడు ఈ తేడా తెలియదు. ఒక్కో స్క్రూకు మోటారు రెండు మూడు సెకన్లే తిరుగుతుంది. ఇనుము కోయడం, రాయి కోయడం, కాంక్రీటు పగలగొట్టడం అలా కాదు. మోటారు ఆగకుండా తిరగాలి, అదీ బరువు మీద. గోడలోంచి వచ్చే కరెంటుకు బ్యాటరీకి ఉన్న ఈ హద్దు లేదు. 850 వాట్ల గ్రైండర్‌ను ఫుల్ లోడు మీద గంటసేపు నడిపినా ఒక యూనిట్ కూడా కాలదు.

ఎండ, బరువు, రిపేరు

లిథియం బ్యాటరీకి వేడి పడదు. మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో, డాబా మీద బరువైన పని పెడితే బ్యాటరీ త్వరగా వేడెక్కుతుంది. చాలా మిషన్లు అప్పుడు వాటంతట అవే ఆగిపోతాయి, చల్లబడేదాకా ఆగాల్సిందే. ఇలా రోజూ వేడెక్కే బ్యాటరీ ఆయుష్షు కూడా తగ్గుతుంది. కరెంటు మిషన్‌కు వేడి అస్సలు పడుతుందని కాదు. మోటారును అతిగా నొక్కితే అదీ కాలిపోతుంది. కానీ అందులో బ్యాటరీ అనే నాజూకు భాగం లేదు.

బరువు తేడా కూడా ఉంది. పెద్ద బ్యాటరీ ఒక్కటే అరకిలో దాటుతుంది. రోజంతా చెయ్యెత్తి పని చేసేవారికి అది సాయంత్రానికి భుజంలో తెలుస్తుంది.

ఇక రిపేరు. కరెంటు గ్రైండర్‌లో ముందుగా అరిగేవి కార్బన్లు. వాటిని ఉస్తాద్ తానే మార్చుకోవచ్చు. స్విచ్, వైరు, బేరింగ్, ఆర్మేచర్ ఏది పోయినా బాగుచేసే మెకానిక్ బస్తీలోనే దొరుకుతాడు. బ్యాటరీ అలా కాదు. కొన్ని వందల చార్జింగ్‌ల తర్వాత దాని శక్తి తగ్గడం మొదలవుతుంది. కొత్తది కొనాలంటే మిషన్ ధరలో పెద్ద భాగమే పెట్టాల్సి రావచ్చు. పైగా ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా ఇంకో కంపెనీ మిషన్‌కు పట్టదు. చవగ్గా వస్తుందని ఎక్కడపడితే అక్కడ సెల్స్ మార్పించుకుంటే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంటుంది.

వైరు సరిగా ఉంటేనే

కరెంటు మిషన్ మేలు అన్నది మంచి వైరు ఉన్నప్పుడే నిజం. 14 అంగుళాల చాప్‌సా 10 ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి 0.75 చదరపు మిల్లీమీటర్ల సన్న వైరుతో 30 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వేస్తే, దారిలోనే దాదాపు 15 వోల్టులు పోతాయి. వైరు వేడెక్కుతుంది, మోటారు జోరు తగ్గుతుంది, మిస్త్రీ ఇంకా గట్టిగా నొక్కుతాడు, చివరికి మోటారు కాలుతుంది. అదే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరైతే పోయేది 5 వోల్టులే. చుట్టలా ఉన్న వైరును పూర్తిగా విప్పి పరచాకే లోడు పెట్టాలి.

అంతకంటే పెద్ద మాట ప్రాణానిది. మార్బుల్ కోసేచోట నీళ్లు ఉంటాయి. అక్కడ టేపు చుట్టిన జాయింట్లు, ప్లగ్గు లేకుండా సాకెట్లో గుచ్చిన వైర్లు మనుషులను చంపుతాయి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే, షాక్ కొట్టిన క్షణంలోనే కరెంటు కట్ అవుతుంది. దానికి పెట్టే ఖర్చు ఇంటి పెద్ద ప్రాణం ముందు లెక్కలోది కాదు. మిషన్ ప్లేటు మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ ఉన్నదని అర్థం. కొనేటప్పుడు ఆ గుర్తు చూసుకోవాలి.

గల్ఫ్ నుంచి తెచ్చుకునేవారు

గల్ఫ్‌లో పని చేసి వచ్చేవారు అక్కడి మిషన్లు వెంట తెచ్చుకోవడం మామూలే. ముందు ప్లేటు చదవాలి. అక్కడి కొన్ని సైట్లలో భద్రత కోసం ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిచే 110 వోల్టుల మిషన్లు వాడతారు. వాటిని ఇక్కడి 230 వోల్టుల సాకెట్‌కు నేరుగా పెడితే కాలిపోతాయి. సౌదీలో పాత కనెక్షన్లు 127 వోల్టులవి, అప్పటి మిషన్‌దీ ఇదే సంగతి.

కార్డ్‌లెస్ తెచ్చేవారికి ఇంకో చిక్కు. విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వరు, చేతి సామానులోనే తేవాలి. 100 వాట్ అవర్లు దాటితే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి, 160 దాటితే అసలు తేనివ్వరు. 18 వోల్టుల 6 ఆంపియర్ అవర్ బ్యాటరీ 108 వాట్ అవర్లు అవుతుందని గుర్తుంచుకోవాలి.

మరి కార్డ్‌లెస్ దేనికి?

కార్డ్‌లెస్ పనికిరాదని కాదు. కరెంటు ఇంకా రాని కొత్త బిల్డింగ్‌లో, నిచ్చెన మీద, ఫాల్స్ సీలింగ్ పనిలో, కిటికీలకు, అల్మారాలకు స్క్రూలు బిగించేచోట దానికి సాటి లేదు. వైరు కాలికి తట్టుకుని పడిపోయే భయమూ ఉండదు.

కాబట్టి డబ్బు ఒక్క మిషన్‌కే ఉంటే, కోత పని, పగలగొట్టే పని ఉన్నవారు ముందు కరెంటు గ్రైండరో, హ్యామర్ మిషనో తీసుకోవాలి. దాంతోపాటే మందమైన వైరు, ఆర్‌సీసీబీ ఉన్న బోర్డు కొనుక్కోవాలి. దాని మీద నాలుగు డబ్బులు సంపాదించాక, స్క్రూల పనికి చిన్న కార్డ్‌లెస్ డ్రిల్ తీసుకున్నా నష్టం లేదు.