ముందు కారు ఎంత దూరంలో ఉంది? టెయిల్ లైటే చెప్పేస్తుంది!

రాత్రి హైవేపై గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నారు. అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. ముందున్న కారు ఒక్కసారిగా బ్రేక్ వేసింది. అది ఎంత దూరంలో ఉంది? మీ లేన్‌లోనే ఉందా, పక్క లేన్‌లోనా? ఈ వివరం మీ కారుకు వెంటనే తెలిస్తే ప్రమాదం తప్పుతుంది. ముందు కారు టెయిల్ లైట్ ద్వారానే దాన్ని తెలుసుకునే విధానంపై పరిశోధనలు సాగుతున్నాయి. దీన్నే విజిబుల్ లైట్ కమ్యూనికేషన్ (వీఎల్‌సీ) అంటారు.

జీపీఎస్ ఉంది కదా?

ఆకాశం అడ్డు లేకుండా కనిపించే చోట కూడా స్మార్ట్‌ఫోన్ జీపీఎస్‌లో సుమారు 5 మీటర్ల తేడా రావచ్చు. మన హైవేలపై ఒక లేన్ వెడల్పు సాధారణంగా 3.5 మీటర్లే. అంటే బండి ఏ లేన్‌లో ఉందో కూడా కచ్చితంగా చెప్పలేం. దారి చూపడానికి ఇది సరిపోతుంది, ఢీకొనకుండా ఆపడానికి సరిపోదు.

ఎలా పనిచేస్తుంది?

ఎల్ఈడీ లైటును సెకనుకు లక్షల సార్లు ఆర్పి వెలిగించవచ్చు. మన కంటికి మాత్రం అది నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది. ఆ మినుకుల్లోనే 'బ్రేక్ వేశాను' లాంటి సమాచారం పంపొచ్చు. టీవీ రిమోట్ కూడా ఇలాగే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతితో పనిచేస్తుంది.

దూరం కొలవడానికి ఒక పద్ధతి ఇది. వెనక కారు రెండు హెడ్‌లైట్ల దగ్గర చెరో సెన్సర్ పెడతారు. ముందు లైటు కాంతి ఏ కోణంలో వస్తోందో రెండూ కొలుస్తాయి. సెన్సర్ల మధ్య దూరం ముందే తెలుసు. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే త్రిభుజం లెక్క తేలిపోతుంది.

ఎంతవరకు వచ్చింది?

ఇంటెల్‌కు చెందిన రిచర్డ్ రాబర్ట్స్ బృందం 2010లోనే వాహనాల కోసం ఇలాంటి ప్రతిపాదన చేసింది. కాంతితో సమాచారం పంపే విధానానికి 2011లో ఐఈఈఈ ప్రమాణం వచ్చింది. ఆ తర్వాత ఇస్తాంబుల్‌లోని కోచ్ యూనివర్సిటీ పరిశోధకులు చేసిన కంప్యూటర్ సిమ్యులేషన్లలో సెంటీమీటర్ల స్థాయి కచ్చితత్వం కనిపించింది. రద్దీ రోడ్ల మీద నెగ్గడం వేరే పరీక్ష.

ఇబ్బందులేంటి?

మధ్యలో లారీ అడ్డొస్తే కాంతి చేరదు. మిట్టమధ్యాహ్నపు ఎండ సెన్సర్‌ను తికమక పెడుతుంది. పొగమంచు, కుండపోత వానలో సిగ్నల్ బలహీనపడుతుంది. అందుకే ఇది రాడార్, కెమెరాలకు తోడుగా ఉంటుందే తప్ప వాటిని పక్కకు నెట్టదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. లైట్లు వేయకుండా రోడ్డు పక్కన ఆపిన లారీ ఈ టెక్నాలజీకి అసలు కనిపించదు. వెలగని లైటు ఏ సమాచారమూ పంపలేదు. వెనక వచ్చే మనిషి కంటికైనా, రేపటి సెన్సర్‌కైనా ఆధారం ఆ లైటే. కాబట్టి బయల్దేరే ముందు మీ బండి టెయిల్ లైట్, బ్రేక్ లైట్ వెలుగుతున్నాయో లేదో ఒక్కసారి చూసుకోండి.