‘ప్రివెంట్’ అను ఆంగ్లక్రియ చరిత్రము



రాజులకును రాజ్యములకును ఉన్నట్లే మనము పలుకు మాటలకును చరిత్రము కలదు. ఆ చరిత్రము తెలియకున్న నొక్కొకప్పుడు పొరుగువారికి బాధ కలుగును. ఈ సత్యమును నేను నా తప్పువలననే నేర్చుకొంటిని. మీకును మీ తలిదండ్రులకును ఉపయోగపడునను తలంపుతో దానిని సంకోచింపక యిచ్చట వ్రాయుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట బిజినేపల్లికి సమీపమందలి యొక పల్లెలో మన సంఘస్థు డొకడు ప్రభువునందు నిద్రించెను. సమాధి కార్యక్రమము ముగిసిన సాయంకాలము మేము కొందఱము ఆ యింటి ముంగిట వేపచెట్టు క్రింద కూర్చుంటిమి. ఆయన కుమారుడు పట్టణమున చదువుకొనినవాడు. అతడు తండ్రి పెట్టెలోనుండిన పాత ఆంగ్ల బైబిలును తెచ్చి, థెస్సలొనీకయులకు వ్రాయబడిన మొదటి పత్రిక నాలుగవ అధ్యాయము పదునైదవ వచనమును చూపి, “సారూ, ప్రభువు వచ్చునప్పుడు బ్రదికియుండువారు చనిపోయినవారిని ‘ప్రివెంట్’ చేయరని యిందున్నది. బ్రదికినవారు చనిపోయినవారిని అడ్డగించుట యెట్లు?” అని యడిగెను.

ఇరువదియేండ్లుగా ఆంగ్లము బోధించుచున్న నాకు ‘తెలియదు’ అనుటకు నోరు రాలేదు. “మనము మితిమీఱి యేడ్చినయెడల పోయినవారి ప్రయాణమునకు అడ్డము కలుగును. అట్లు చేయరాదని భావము” అని యప్పటికప్పుడు కల్పించి చెప్పితిని. గుమ్మమున కూర్చుండిన ఆ తల్లి యా మాట వినెను. కొంగుతో కన్నులు తుడుచుకొని యూరకుండెను. నా మాట ఆమెకు ఓదార్పయ్యెనని నేను సంతసించితిని.

పది దినములైన పిమ్మట ఆ కుమారుడు బడికి వచ్చెను. “అమ్మ నాటినుండి యొక కన్నీటిబొట్టు రాల్చలేదు. అన్నము సరిగా తినదు, రాత్రులు నిద్రపోదు. తాను ఏడ్చిన నాయనకు అడ్డమగునని భయపడుచున్నది” అని చెప్పెను. ఆ రాత్రి నేను నిఘంటువు తెఱచి చూచి సిగ్గుపడితిని.

‘ప్రివెంట్’ అను క్రియ లాటిను భాషనుండి వచ్చినది. ఆ భాషలో ‘ప్రే’ అనగా ముందు, ‘వెనీరే’ అనగా వచ్చుట. ఈ రెండును కలిసి ముందుగా వచ్చుట యను నర్థ మిచ్చెను. ఈ కుటుంబములోని మఱికొన్ని మాటలు మీ రెఱిగినవే. క్రిస్మసునకు ముందు మనము ఆచరించు ‘అడ్వెంట్’ దినములు ప్రభువు రాకను తెలుపును. ‘కన్వీన్’ అనగా కూడి వచ్చునట్లు చేయుట. ‘ఇంటర్వీన్’ అనగా నడుమ వచ్చుట. వీనియందు అన్నిటను ‘వచ్చుట’ యే మూలము. ‘ప్రివెంట్’ నందును మొదట అంతకంటె నెక్కువ లేదు. 15వ శతాబ్దమున ఈ పదము ఆంగ్లమున ప్రవేశించినప్పుడు, ఒకనికంటె ముందు చేరుట, ఒకడు చేయకమునుపే తాను చేయుట యను భావములతోనే వాడబడెను.

1611లో జేమ్సు రాజు కాలమున వెలువడిన ఆంగ్ల బైబిలునందు ఈ క్రియ పలుమాఱులు ఆ పాత యర్థముననే కనబడును. మత్తయి సువార్త పదునేడవ అధ్యాయములో పన్ను సంగతి వచ్చినచోట, పేతురు ఇంటిలోనికి వచ్చి నోరు విప్పకమునుపే యేసు తానే మాట యెత్తెను. అచ్చట ఆంగ్లమున ఈ క్రియయే యున్నది. నేటి యర్థముతో చదివినచో ప్రభువు పేతురు నోరు మూయించెనని తోచును. 119వ కీర్తనలో భక్తుడు తెల్లవాఱకమునుపే మొఱపెట్టుటను తెలుపుచోటను ఈ క్రియయే కలదు. నేటి యర్థముతో చదివినచో ఆయన సూర్యోదయమునే ఆపివేసెననవలసివచ్చును! 1662 నాటి ఇంగ్లండు సంఘపు ప్రార్థన పుస్తకములో, మనుష్యుల పనులన్నిటికిని ముందుగా దేవుని కృప నడువవలెనని కోరు ప్రార్థన యొకటి ఈ క్రియతోనే మొదలగును. తన పనులను ఆటంకపఱచుమని యెవడును ప్రార్థింపడు గదా!

మఱి ముందు నడచుట అడ్డగించుట యెట్లయ్యెను? దీనికి దృష్టాంతము మన పొలములలోనే కలదు. వరిమళ్ల నడుమ గట్టుపై ఒక్కడు మాత్రమే నడువదగిన త్రోవ యుండును. ముందు నడచువాడు ముండ్లకంపను తొలగించుచు, పామును అదలించుచు పోయినయెడల వెనుకవానికి మేలు. అతడే త్రోవలో నిలిచిపోయినయెడల వెనుకవాడును నిలువవలసినదే. ముందుండుట యొక్కటే, దాని ఫలములు రెండు. ఒకని పనికంటె ముందుగా మనము కదలినచో ఆ పనికి త్రోవ చేయనువచ్చును, ఆ త్రోవను మూయనువచ్చును. 16వ శతాబ్దమునుండి ఆంగ్లేయులు ఈ రెండవ భావమునను ఈ క్రియను వాడసాగిరి. కొంతకాలము రెండర్థములును ప్రక్కప్రక్కనే యుండెను. క్రమముగా మొదటిది క్షీణించెను, రెండవది నిలిచెను. 1881లో ఆంగ్ల నూతన నిబంధనను సవరించిన పండితులు థెస్సలొనీకయుల పత్రికలో ఈ క్రియను తీసివైచి, ‘ముందు పోవు’ నను నర్థముగల ‘ప్రిసీడ్’ను ఉంచిరి.

పౌలు వ్రాసిన గ్రీకు మూలములోని ‘ఫ్తనో’ అను క్రియకును చరిత్రము కలదు. దానికిని పూర్వము ‘ముందుగా చేరు’ అని యర్థము. అదే పత్రిక రెండవ అధ్యాయమున అది ‘వచ్చి చేరు’ అను నర్థమున వాడబడినది. నేటి గ్రీకు భాషలో దానికి ‘చేరు’ అనియే వాడుక. గ్రీకు మాట ముందఱి స్థానమును పోగొట్టుకొన్నది, ఆంగ్లపు మాట ముందు నిలిచి త్రోవను మూసినది.

ఈ రెండర్థములును కలియుచోటు చూడగోరువారు టీకాను తలంచుకొనవచ్చును. 1796లో ఎడ్వర్డు జెన్నరు అను ఆంగ్ల వైద్యుడు ఆవు మశూచికపు రసిని ఒక బాలునికి వేసి, వాడు మశూచికమునకు లోబడకుండుటను చూచెను. టీకా శరీరమున ముందుగా చేరును, కనుకనే వ్యాధికి చోటు దొరకదు. 1980లో ప్రపంచారోగ్య సంస్థ మశూచికము లోకమున నశించెనని ప్రకటించెను. వ్యాధి నివారణమని మనము తెనిగించు ఆంగ్లపదములో ‘ముందు వచ్చుట’ యను పాత యర్థము నేటికిని దాగియున్నది.

ఇచ్చట నొక హెచ్చరిక. వింతగా తోచు ప్రతి పాత ప్రయోగమును ఈ విధముననే పుట్టినదని తలంపరాదు. ‘లెట్’ అను క్రియకు నేడు ‘అనుమతించు’ అని యర్థము. 1611 నాటి బైబిలులో, రోమీయులకు వ్రాయబడిన పత్రిక మొదటి అధ్యాయమున, ఆ రూపమునకే ‘ఆటంకపఱచు’ అని యర్థము. ప్రాచీనాంగ్లమున ‘లెట్టన్’, ‘లేటన్’ అని రెండు వేఱు క్రియలుండెను. కాలక్రమమున ధ్వనులు అరిగి రెండును ఒకే రూపము దాల్చెను. ఆటంకమను నర్థముగల ‘లెట్’ మన భారతదేశపు పాసుపోర్టులో రాష్ట్రపతి పేరిట ముద్రింపబడు విన్నపమునందు ఇప్పటికిని మిగిలియున్నది. మన పాలమూరు సీమనుండి పనికై పరదేశములకు పోవువారి పెట్టెలలో ఆ పాతమాటయు వారితో ప్రయాణము చేయుచున్నది.

మన తెలుగుననో? ‘కొను’ అనగా నేడు వెల యిచ్చి తీసికొనుట. ప్రాచీనమున దానికి ‘గ్రహించుట’ యే మూలార్థము. ‘కొనిపోవు’, ‘కొనివచ్చు’, ‘కైకొను’ అను మాటలలో వెల లేదు, బేరము లేదు. చేయి పట్టుట మాత్రమే కలదు. ఆకొనినవాడు ఆకలిని సంతలో కొనలేదు. ఆకలియే వానిని పట్టుకొన్నది. ‘జరుగు’ అనగా చోటునుండి కదలుట. బస్సులో తోడివానిని ‘కొంచెము జరుగు’మందుము, ‘పెండ్లి జరిగినది’ అనియు చెప్పుదుము. కదలుటనుండి కాలము గడచుటయు, దానినుండి సంభవించుటయు ఏర్పడినవి. ఇట్టివానిని వెదకగోరువారు 1852లో మద్రాసున ముద్రింపబడిన బ్రౌనుదొర నిఘంటువును, కవుల ప్రయోగములను చూపు సూర్యరాయాంధ్ర నిఘంటువును చూడవచ్చును.

విద్యార్థులారా, తెలియని మాట మనలను నిఘంటువు నొద్దకు పంపును. తెలిసినదని తోచు పాతమాటయే మనలను మోసగించును. వాక్యములో తెలిసిన మాట అతుకకున్నచో, గ్రంథకర్తను గాని మీ బుద్ధిని గాని నిందింపకుడు. ఆ గ్రంథము ఏ కాలమున వ్రాయబడెనో మొదట చూడుడు. మఱొక భాషలోని అనువాదము దొరకినయెడల దానితో పోల్చుడు. అన్నిటికంటె ముఖ్యముగా, ఇతరుల దుఃఖకాలమున తెలియని యర్థమును కల్పించి చెప్పకుడు.

నాకు ఆ పోలికకై దూరము పోవలసిన పనియే లేకుండెను. మన తెలుగు బైబిలులో ఆ వచనమున ‘ముందుగా’ అను మాట స్పష్టముగా నున్నది. ఆ తల్లి రాత్రులు కుమారునిచేత చదివించుకొను గ్రంథమే యది. మఱునాటి సాయంకాలము నేను ఆ యింటికి పోయితిని. “అమ్మా, నేను తప్పు చెప్పితిని. థెస్సలొనీకలోని విశ్వాసులు, తమలో చనిపోయినవారు ప్రభువు వచ్చునాటికి వెనుకబడిపోవుదురేమోయని దుఃఖించిరి. బ్రదికియున్నవారు వారికంటె ముందు చేరరని పౌలు వారికి ధైర్యము చెప్పెను. ఆ మాటలో ఏడ్పు సంగతియే లేదు” అంటిని.

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, “అయితే ఆయన వెనుకబడలేదా, సారూ?” అని యడిగెను.

“లేదమ్మా, మనకంటె ముందే” అంటిని.

అప్పు డామె కొంగు ముఖముపై వేసికొని యేడ్చెను. కుమారుడు ఆమె ప్రక్కన కూర్చుండెను. నేను తలుపు దగ్గఱగా వేసి బయటికి వచ్చితిని.

అది మొదలు తరగతిలో నెవరైన నాకు తెలియని మాట యడిగినప్పుడు, “రేపు చూచి చెప్పుదును” అనుటకు నేను సిగ్గుపడుట లేదు.