పిండి డబ్బాలో పురుగు.. మాత్ర పెడితే ప్రాణాలకే ముప్పు

పుట్టినరోజుకో, క్రిస్మస్‌కో ఇంట్లోనే కేకు చేద్దామని మైదా డబ్బా మూత తీస్తే లోపల ఎర్రని చిన్న పురుగులు పాకుతూ కనిపించడం చాలామంది గృహిణులకు అనుభవమే. కొందరు జల్లెడ పట్టి వాడేస్తారు. కొందరు పారబోస్తారు. మరికొందరు ధాన్యం బస్తాలకు వాడే మాత్రను తెచ్చి వంటింటి డబ్బాల నడుమ ఉంచుతారు. పారబోస్తే పోయేది కొద్దిపాటి సొమ్ము. మాత్ర పెడితే పోయేది ప్రాణం.

పురుగు పిండిలో దానంతట అదే పుట్టదు. అధిక శాతం సందర్భాల్లో గుడ్ల రూపంలో ప్యాకెట్‌తోపాటే ఇంటికి వస్తుంది. గోదాములో, దుకాణంలో, పిండిమర సందుల్లో మిగిలిపోయిన పాత పిండి దానికి నివాసం. మైదా, గోధుమపిండిలో ఎక్కువగా కనిపించే ఎర్రపిండి పురుగు మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు. ఆడ పురుగు తన జీవితకాలంలో వందల సంఖ్యలో గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు జిగటగా ఉండటంతో వాటికి పిండి అంటుకుని కంటికి ఆనవు. ఇంట్లో వాడే జల్లెడలోంచి పిండితోపాటే కిందికి జారిపోతాయి. వెచ్చని వాతావరణంలో నెల రోజులు చాలు, గుడ్డు పెద్ద పురుగుగా మారడానికి. జల్లించి శుభ్రమైందనుకున్న పిండిలో మళ్లీ పురుగు కనిపించడానికి కారణం ఇదే.

బొంబాయి రవ్వ, జీడిపప్పు, కిస్‌మిస్‌లకు వేరే బెడద ఉంది. వంటింట్లో దీపం చుట్టూ తిరిగే బూడిద రంగు చిన్న రెక్కల పురుగు వాటిలో గుడ్లు పెడుతుంది. దాని పిల్ల పురుగులు దారాలు అల్లుతాయి. రవ్వ ఉండలు కట్టి, ఉండల మధ్య సాలెగూడు వంటి పోగులు కనిపిస్తే అది తేమ వల్ల కాదు, ఈ పురుగు వల్లనే.

పురుగు పట్టిన పిండిని తినవచ్చా అన్నది తరచూ ఎదురయ్యే ప్రశ్న. పొరపాటున ఒకటి రెండు పురుగులు కడుపులోకి పోతే భయపడనక్కరలేదు. అయితే ఎర్రపిండి పురుగులు బాగా పెరిగినప్పుడు క్వినోన్లు అనే రసాయనాలను విడుస్తాయి. పిండి ఘాటైన వాసన వేస్తుంది, లేత గులాబీ ఛాయకు తిరుగుతుంది. అటువంటి పిండిని ఎంత ఖరీదైనదైనా కవర్లో మూటకట్టి ఇంటి బయట పారవేయవలసిందే.

చలితోనే చెక్‌

కొత్తగా తెచ్చిన మైదా, రవ్వ ప్యాకెట్‌ను గాలి చొరని కవర్లో ఉంచి ఫ్రిజ్‌లో మంచు గడ్డకట్టే అరలో నాలుగు రోజులు పెడితే గుడ్లతో సహా పురుగు చస్తుంది. కరెంటు కోతలున్న చోట మరో రెండు మూడు రోజులు అదనంగా ఉంచడం మేలు. బయటకు తీసిన వెంటనే కవరు విప్పకూడదు. చల్లని పిండికి బయటి గాలిలోని తేమ పట్టి ముద్దవుతుంది. చల్లదనం పూర్తిగా తగ్గాకే డబ్బాలో పోయాలి. ఫ్రిజ్ కింది అరల్లో పెడితే పురుగు పెరుగుదల ఆగుతుంది తప్ప చావదు.

ఫ్రిజ్ లేని ఇళ్లలో రవ్వకు పాత పద్ధతే శ్రేష్ఠం. సన్నని సెగపై దోరగా వేయించి, పూర్తిగా చల్లారాక డబ్బాకెత్తాలి. కేకు కోసం ఉంచిన మైదాకు ఇది పనికిరాదు, వేయిస్తే పిండి సాగే గుణం తగ్గుతుంది. మైదాను పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొనుక్కోవడం మంచిది. తక్కువ ధరకు వస్తుందని వర్షాకాలంలో ఐదు కిలోల సంచి తెచ్చుకోవడం ఆదా కాదు.

డబ్బా విషయంలోనూ జాగ్రత్త అవసరం. పలుచని పాలిథిన్ కవర్లను కొన్ని పురుగులు కొరికి రంధ్రం చేస్తాయి. గాజు సీసా, బిగుతు మూత గల స్టీలు డబ్బా ఉత్తమం. పాత పిండి అడుగున ఉండగానే కొత్త పిండి పోయడం అనేక ఇళ్లలో ఉన్న అలవాటు. పురుగుకు అంతకన్నా అనుకూలం మరొకటి లేదు. డబ్బా ఖాళీ అయ్యాక మూత మరలతో సహా కడిగి ఎండలో ఆరబెట్టాలి.

ఎండుమిర్చి, లవంగాలు, నీడన ఎండిన వేపాకు పురుగును కొంతవరకు దూరం పెట్టవచ్చు గానీ లోపలున్న గుడ్లను చంపలేవు. పచ్చి వేపాకు వేస్తే తేమ చేరి పిండే చెడుతుంది. కందిపప్పుకు ఆముదం పట్టించే పద్ధతి నిజంగా ఉపయోగకరమైనదే, పిండికి మాత్రం అది వర్తించదు.

మాత్రల జోలికి వద్దు

ధాన్యం నిల్వలకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్ర గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువును వెలువరిస్తుంది. మూడు గ్రాముల మాత్ర ఒక గ్రాము వాయువునిస్తుంది. గోదాముల్లో శిక్షణ పొందిన సిబ్బంది, నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే దీనిని వాడాలన్నది నిబంధన. తలుపులు మూసి నిద్రించే ఇంట్లో, బియ్యం మూట పక్కనే పిల్లలు పడుకునే గదిలో దీనిని ఉంచడమంటే గదిని విషవాయువుతో నింపడమే. ఈ విషానికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. డబ్బాల చుట్టూ బోరిక్ పొడి చల్లడం, అలమరాలో చీమల చాక్‌పీసుతో గీతలు గీయడం కూడా తగదు. ఆ పొడి చేతి ద్వారా పిండిలోకి చేరుతుంది.

ఇప్పటికే మాత్ర తెచ్చి ఉంచినవారు దానిపై నీళ్లు పోయరాదు, వాయువు మరింత వేగంగా వెలువడుతుంది. వెల్లుల్లి లేదా కుళ్లిన చేపను పోలిన వాసన వచ్చినా, వాంతులు, ఆయాసం, ఛాతీ బరువు, కళ్లు తిరగడం కనిపించినా అందరూ వెంటనే ఆరుబయటికి రావాలి. వాసన రాలేదని ధైర్యపడరాదు. 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేరి, మాత్ర వాడిన సంగతిని వైద్యునికి ముందుగా చెప్పాలి.